మూల కోసిన ఎర్ర బిళ్ళ

బిలాస్‌పూర్ వెళ్తున్నానంటే విశాఖలో మా వీధి వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కడ చూడ్డానికేముంది?" నేను చూడ్డానికి వెళ్ళలేదు. చూపించడానికి వెళ్ళాను. ఫ్యాక్టరీల్లో, షెడ్డుల్లో ఏ వస్తువు ఎక్కడుండాలో గీతలతో, రంగులతో, గుర్తులతో చెప్పే ఏర్పాటు చేసి, వెతుకులాట తగ్గించడం నా వృత్తి. నేల మీద పసుపు గీత గీస్తే తోపుడు బండి అక్కడే ఆగుతుంది. స్పానర్లు తగిలించే చెక్క మీద ఒక్కో స్పానరు ఆకారం నల్లగా గీస్తే, సాయంత్రం ఖాళీగా మిగిలిన ఆకారమే ఏది వెనక్కి రాలేదో చెప్పేస్తుంది. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరి మీదా అరవక్కర్లేదు. అరవడం నాకు చేతనైనంతగా ఎవరికీ చేతకాదని మా ఆయన అంటారు. అందుకే కాబోలు ఈ పని ఎంచుకున్నాను.

ఈసారి పిలిచింది ఒక ప్రైవేటు షెడ్డు. సరుకు రైళ్ళ బ్రేకు వాల్వులు అక్కడికి వస్తాయి. విప్పి, కడిగి, బాగుచేసి, గాలి పట్టి పరీక్షించి పంపుతారు. వెళ్ళినప్పుడు నాకున్న నమ్మకం వచ్చేటప్పుడు లేదు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

రాయగడ దాటాక

విజయనగరం దాటి, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ చేరేసరికి తెలుగు పల్చబడుతుంది. ఆ తర్వాత కొండలు, సొరంగాలు. ఎదురు సీట్లో మహాసముంద్‌లో దిగాల్సిన స్కూలు టీచరు ఒకావిడ కూర్చుంది. డబ్బా తెరిచి "ఫరా" పెట్టింది. అన్నం, బియ్యప్పిండి కలిపి, వేలి లావున చుట్టి, ఆవిరి మీద ఉడికించి పోపు పెట్టినది. బావుంది. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను?

వాళ్ళు ఎండాకాలంలో రాత్రన్నాన్ని నీళ్ళలో వేసి పొద్దున్నే తినేదాన్ని బోరే బాసీ అంటారట. అలాంటిది మరే రాష్ట్రంలోనూ లేదంది. నాకు ఒళ్ళు మండింది. మా అమ్మమ్మ శ్రీకాకుళంలో తరవాణి కుండ కడిగిన రోజు లేదని, ఆ పులుపు మీ నీళ్ళన్నానికి రాదని వాదించాను. కాంటాబాంజీ నుంచి ఖరియార్ రోడ్ దాకా సాగిందది. దిగేటప్పుడు ఆవిడ నా భుజం తట్టి, "ఇద్దరం చల్లన్నం తిన్నవాళ్ళమే కదా చెల్లీ, ఎవరు గెలిస్తే ఏం?" అంది. వాదనలో ఓడిపోవడం కంటే ఇలాంటి మాట కష్టం.

వ్యాపార్ విహార్‌లో గది

బిలాస్‌పూర్ స్టేషన్ బయట నా పెట్టె చక్రం ఒకటి ఊడిపోయింది. షెడ్డు వాళ్ళు గది తీసింది వ్యాపార్ విహార్‌లో, టోకు బజారు మధ్య. తెల్లారితే చాలు లారీలు వెనక్కి తిరుగుతూ కూస్తాయి, బస్తాలు దిగుతుంటాయి, మిరపకాయల ఘాటుకి ముక్కు కారుతుంది. కింద బండి దగ్గర బియ్యప్పిండి చీలా, టమాటా పచ్చడి. చూడ్డానికి మన అట్టే, కొంచెం దళసరి. టీ పది రూపాయలు, గ్లాసు మటుకు మన ఊళ్ళో గ్లాసులో సగం. ఆ సంగతి టీ అతనితో అన్నాను. "దీదీ, ఇక్కడ టీ గొంతు తడుపుకోవడానికి, కడుపు నింపుకోవడానికి కాదు," అన్నాడు. ఈ ఊరివాళ్ళు జవాబు బాకీ పెట్టరు.

షెడ్డు

మేనేజరు సాహు గారు బిలాస్‌పూర్‌లోనే పుట్టిన మనిషి. తక్కువ మాటలు, ఇస్త్రీ చొక్కా. ఆయన హిందీలో అన్నవి నా తెలుగులో ఇస్తున్నాను. "మేడమ్, నా షెడ్డులో సగం రోజు పనికి, సగం రోజు వెతకడానికి పోతోంది. ఆ రెండో సగం తీసెయ్యండి."

తీసేశాను. రెండ్రోజుల్లో నేలకి గీతలు పడ్డాయి, స్పానర్లకి ఆకారాలు వచ్చాయి, గాలి గేజీ అద్దం మీద ఎక్కడిదాకా క్షేమమో ఆకుపచ్చ పట్టీ, ఎక్కడ ప్రమాదమో ఎర్ర పట్టీ పడ్డాయి. అన్నిటికంటే నాకు గర్వంగా అనిపించింది పరీక్ష బల్ల దగ్గర మార్పు. అప్పటిదాకా పరీక్షలో నెగ్గిన వాల్వులు ఎడమ రాక్‌లో, తప్పినవి కుడి రాక్‌లో పెట్టేవారు. రెండు రాక్‌లు దారికి అడ్డం. రెండూ పీకించి బయట పెట్టించాను. ఒకటే రాక్. నెగ్గినదానికి నలుచదరపు ఆకుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ, తప్పినదానికి అలాంటిదే ఎర్ర బిళ్ళ తీగతో కట్టాలి. బిళ్ళల మీద అక్షరం ముక్క లేదు. షెడ్డులో ఒకరు హిందీ చదువుతారు, ఒకరు ఒడియా, ఇద్దరు ముగ్గురు ఏదీ చదవరు. రంగుకి భాష లేదని వాళ్ళకి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

పరీక్ష బల్ల దగ్గర పనిచేసేది ఈశ్వర్రావు. యాభైకి దగ్గరలో ఉంటాడు. తాతల కాలంలో చీపురుపల్లి నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. తండ్రి ఇంజను డ్రైవరు. నేను తెలుగుదాన్నని తెలిసి మొహం విప్పారింది గానీ, బిళ్ళలు చూడగానే ముడుచుకుంది.

"ఏటి మేడమ్, ఎడమా కుడీ ఉంటే సరిపోదేటి? పాతికేళ్ళుగా ఒక్క పీసు తిరిగి రాలేదు నా బల్ల నించి."

"దారి మూసుకుపోతోంది కదండీ."

"దారికేం, మేం ఎల్తన్నాం, వస్తన్నాం. అచ్ఛా, మీరు రైలెక్కిన మర్నాడే ఈ బిళ్ళలన్నీ అర్పా నదిలో కలిపీస్తాను, చూసుకోండి."

అందరూ నవ్వారు. ఆ నవ్వు తర్వాత అతని మీదకే తిరిగింది.

బిళ్ళల పెట్టెలు రెండు బల్ల మీద పక్కపక్కన పెట్టాను, ఎడమ ఆకుపచ్చవి, కుడి ఎర్రవి. ఒకే కొలత, ఒకే అట్ట. షెడ్డులో చీపురుకట్ట దాకా అన్నిటికీ చోటు గీసినదాన్ని, ఆ రెండు పెట్టెల కింద గీత గియ్యలేదు. శుక్రవారం సాయంత్రం ఈశ్వర్రావు నన్ను ఆదివారం భోజనానికి పిలిచాడు. వాళ్ళమ్మకి తెలుగు మనిషి వస్తే పండగట. ఒప్పుకున్నాను.

శనివారం

మధ్యాహ్నం సాహు గారు వాల్వులు బాగుచేయించుకునే వాళ్ళ మనిషికి కొత్త పద్ధతి చూపిద్దామని, ఆకుపచ్చ బిళ్ళ కట్టిన వాల్వొకటి తీసి గాలి పట్టారు. సబ్బు నీళ్ళు పూస్తే బుడగలే బుడగలు. రెండోది తీశారు. అదీ అంతే. ఎర్ర బిళ్ళ కట్టినదాన్ని పెడితే ఒక్క బుడగ లేదు. పొద్దుటినుంచి కట్టినవన్నీ తారుమారు. ఇంకో గంట ఆగితే లారీ ఎక్కి వెళ్ళిపోయేవి. బ్రేకు వాల్వులవి. అవి ఏ బండికి బిగిస్తారో, ఆ బండి ఏ దిగుడులో ఆగాల్సి వస్తుందో!

ఉదయం తుడిచిన మనిషి పెట్టెలు ఎత్తి, తుడిచి, మళ్ళీ పెట్టింది. ఎడమది కుడికి, కుడిది ఎడమకి పోయాయి. అంతవరకూ తెలిసింది. కానీ పెట్టె ఎక్కడుంటే ఏం? చేతిలోకి తీసుకున్న బిళ్ళ ఎర్రగా ఉందో ఆకుపచ్చగా ఉందో కళ్ళున్న వాడికి కనిపించదా? అందరం అదే అనుకున్నాం. ఈశ్వర్రావు కావాలని చేశాడు. నదిలో కలిపేస్తానన్నవాడే కదా.

"నువ్వే కట్టావా?" అన్నారు సాహు గారు.

"నానే కట్టినాను సార్. ఏటి చేస్తారో చెయ్యండి."

సోమవారం వచ్చి లెక్క చూసుకుని వెళ్ళిపొమ్మన్నారాయన. ఈశ్వర్రావు తల ఊపాడు, అంతే.

నేనూరుకోలేదు. "మీ పంతం కోసం రైళ్ళ బ్రేకులతో ఆడతారా? మీ నాన్నగారు డ్రైవరన్నారే, ఆయన బండికి ఈ వాల్వే బిగించి ఉంటే?" అన్నాను. అతని మొహంలో రంగు పోయింది. సబ్బు నీళ్ళ గిన్నె బల్ల కింద పెట్టి, "మేడమ్, రేపు భోజనానికి మర్చిపోకండి," అన్నాడు.

"ఇంత జరిగాక కూడానా?"

"గొడవ షెడ్డుది. భోజనం ఇంటిది."

రాజ్‌కిశోర్ నగర్‌లో భోజనం

ఆదివారం పొద్దున్నే ఈశ్వర్రావు స్కూటరు మీద వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. దారిలో కూరగాయల కోసం ఆగాం. టమాటాలు ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూసి తీస్తున్నాడు. "రంగు చూసి తీస్తే సరిపోదా, నాడి పట్టాలా?" అన్నాను. మొహం తిప్పుకుని ఇంకోటి నొక్కాడు. ముందురోజు కోపం ఇంకా ఉందనుకున్నాను. నా కోపమూ ఉంది.

ఇల్లు రాజ్‌కిశోర్ నగర్‌లో. చిన్నదే, వాళ్ళదే. వాళ్ళమ్మ చిట్టెమ్మ గారు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "మా ఆయన బండి తోల్తే ఆడ గడియారాలు సరిచేసుకునేవోలమ్మా. ఈడికీ రైలు ఉజ్జోగం దొరికీదే. నాకొద్దన్నాడు. ఆల నాన్న ఎంత సెప్పినా ఇన్నాడు కాదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ నన్ను కాక గోడని చూసింది. ఈశ్వర్రావు భార్య పార్వతి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

భోజనం కింద కూర్చునే. పప్పు, వంకాయ కూర, గోంగూర, పండుమిరప పచ్చడి. గోంగూర గిన్నె నాకు అందలేదు. నా అంతట నేనే గోంగూరా పండుమిరపా గిన్నెలు రెండూ జరిపి, వడ్డించుకుని, ఒకదాని చోట ఇంకొకటి పెట్టేశాను. మాట్లాడుతూనే ఈశ్వర్రావు చెయ్యి చాచి, గోంగూర ఉండాల్సిన చోట నుంచి రెండు పెద్ద చెంచాలు వేసుకుని కలిపి ముద్ద నోట్లో పెట్టాడు. పండుమిరప. కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి, ఊపిరాడలేదు.

"గిన్నెలు జరపకండక్కా!" పార్వతి అరిచింది. అరిచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పండుమిరప ఎర్రన. గోంగూర నలుపు తిరిగిన ఆకుపచ్చ. ఎడమా కుడీ. నా మెదడులో నిన్నటి బల్ల, ఈ రోజు గిన్నెలు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి. మిగిలిన భోజనం ఎలా చేశానో తెలియదు.

పెద్దావిడ నడుం వాల్చాక, మెల్లగా అడగడం నాకు రాదు కాబట్టి, సూటిగానే అడిగాను. "మీకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. అవునా?"

"ఎవురన్నారు?"

"మీ గోంగూర అంది."

అతను పార్వతి వైపు చూశాడు. ఆవిడ కొంగు చివర మెలి తిప్పుతోంది.

"కుర్రతనంలో రైల్వే కంటి టెస్టుకి ఎల్లినాను," అన్నాడు చివరికి. "చుక్కల బొమ్మ చూపించి అంకె చెప్పమన్నారు. నా ముందు కుర్రాడు గడగడా చెప్పీసినాడు. నాకు చుక్కలే. ఎంత చూసినా చుక్కలే మేడమ్. బయట మా నాన్న లడ్డూల పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికొచ్చినాక అమ్మే అందరికీ చెప్పీసినాది, వీడికి ఇష్టం లేదని. నాన్న పోయినాక నిజం ఎరిగినోళ్ళం ముగ్గురమే, అమ్మా, పార్వతీ, నానూ. ఇప్పుడు మీరు."

"నిన్న ఇదే మాట సాహు గారితో చెప్తే ఉద్యోగం నిలిచేది కదా?"

"ఎలా నిలుస్తాది? బద్మాష్ అని తీసీసినారనుకోండి, ఇంకో షెడ్డువోడు పెట్టుకుంటాడు. బద్మాష్‌లు అందరికీ కావాలి. రంగు తెలీనోడు ఎవుడిక్కావాలి? ఇది రైలు ఊరు మేడమ్. ఇక్కడ పసిపిల్లలు కూడా ముందు నేర్చుకునేది సిగ్నలు రంగులు."

అతను ఎడమ, కుడి అని రెండు ముక్కలతో కట్టుకున్న బతుకు నుంచి ఆ రెండు రాక్‌లూ పీకి బయట పెట్టించింది నేను.

నా సంచిలో మిగిలిన బిళ్ళలున్నాయి. కత్తెర అడిగాను. పార్వతీ నేనూ కూర్చుని ఎర్ర బిళ్ళలన్నిటికీ ఒక మూల కోశాం. ఆకుపచ్చవి అలాగే ఉంచాం. కలిపేసి అతని ముందు పోశాను. కళ్ళు మూసుకుని, బొటనవేలితో తడుముతూ, రెండు కుప్పలు వేశాడు. ఒక్కటీ తప్పలేదు. నవ్వలేదు ఎవరమూ.

"చెప్పకండి," అన్నాడు స్కూటరు దగ్గర. "బిళ్ళలు మార్చండి చాలు. నా తర్వాత వచ్చేవోడికైనా పనికొస్తాది."

వరుస

సోమవారం తొందరగా వెళ్ళి, సాహు గారి బల్ల మీద కోసిన ఎర్ర బిళ్ళలు, కోయని ఆకుపచ్చవి పరిచాను. రంగొక్కటే చాలదు, ఆకారం కూడా ఉండాలి, గ్రీజు అంటినా వెలుతురు తగ్గినా వేలికి తెలియాలి అని చెప్పాను.

"శుక్రవారం రంగు చాలన్నారు."

"శుక్రవారం తప్పన్నాను. ఏ షెడ్డులోనైనా రంగు ఆనని మనిషి ఉండొచ్చు. అది ముందే ఆలోచించాల్సింది నేను. శనివారం జరిగినదానికి అతన్ని తీసెయ్యడం న్యాయం కాదు."

ఆయన బిళ్ళని వేళ్ళ మధ్య తిప్పారు. "రంగు ఆనని మనిషి," అన్నారు. "ఎవరు?"

"ఎవరైతేనేం? బిళ్ళ మారిస్తే పని జరుగుతుంది. పేరెందుకు?"

"బ్రేకులు మేడమ్. నాకు తెలియాలి."

ఆయనా ఈ రైలు ఊళ్ళో పుట్టినవాడే. లేచి, అందర్నీ వరుసలో నిలబడమన్నారు. బిళ్ళ చేతిలో పెడతాను, రంగు చెప్పి పక్కకెళ్ళండి అన్నారు. "ఇది రైల్వే ఆసుపత్రి కాదు," అని అరిచాను. షెడ్డంతా వినపడింది. ఆయన వినలేదు.

లెక్క తీసుకుని వెళ్ళిపోవడానికి వచ్చిన ఈశ్వర్రావు కూడా వరుసలో నిలబడ్డాడు. ఎర్రదైతే లాల్, ఆకుపచ్చదైతే హరా, ఒక్కొక్కరూ చెప్పి నవ్వుకుంటూ పోతున్నారు. అతని వంతు వచ్చింది. సాహు గారు బిళ్ళ పెట్టారు. అతని బొటనవేలు తనంతట తనే మూల మీదికి వెళ్ళడం చూశాను. ఎర్రది. అతనికి తెలిసింది. ఒక్క మాట అనేసి పక్కకి జరిగితే చాలు. కళ్ళు బాగున్న బద్మాష్‌గా గేటు దాటి వెళ్ళొచ్చు, ఇంకో షెడ్డు చూసుకోవచ్చు.

"ఎర్రది సార్," అన్నాడు. అక్కడితో ఆగలేదు. హిందీలో, అందరికీ వినపడేలా, "మూల కోసి ఉంది కాబట్టి తెలిసింది. చూస్తే తెలీదు. ఎప్పుడూ తెలీదు. శనివారం నేను కావాలని చెయ్యలేదు," అన్నాడు.

సాహు గారు అతని దగ్గరికి జరిగారు.

"ఇన్నేళ్ళూ ఎలా చేశావ్?"

"ఎడమ, కుడి సార్."

సాహు గారు బిళ్ళ వెనక్కి తీసుకుని నా చేతికిచ్చారు. "ఎర్రవన్నీ కోయించండి. గేజీ మీద పట్టీల పక్కన నల్ల గీత కూడా వెయ్యండి. ఆ రెండు రాక్‌లూ లోపలికి తెప్పించండి." ఈశ్వర్రావుతో, "బల్ల దగ్గరికి పో," అన్నారు. అంతకంటే మంచి మాట ఆయన అనలేదు. అతనూ ఆశించలేదు.

గోడ వైపు

షెడ్డులో పనిచేసే ఒకతను రాజ్‌కిశోర్ నగర్‌లోనే ఉంటాడు. సాయంత్రానికి వీధంతా తెలిసింది. మంగళవారం ఊరెళ్తున్నానని చెప్పిరావడానికి వెళితే చిట్టెమ్మ గారు బఠాణీలు ఒలుస్తూ, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది.

"ఏటమ్మా, మా ఇంట్లో తిని, మా గుట్టు ఊల్లో పెట్టీసినావేటి?"

"చెప్పింది మీ అబ్బాయేనండీ."

"ఆడు సెప్పీలాగ సేసింది ఎవులు?"

ఆవిడ బఠాణీల తొక్కలు ఊడుస్తూ, "ఆల నాన్న పోయీదాకా ఎవుల్తోనూ అన్లేదు," అంది, నాతో కాదు. పార్వతి గుమ్మం దాకా వచ్చింది. ఒక డబ్బా నా చేతిలో పెట్టింది. గోంగూర పచ్చడి. మూత మీద ఏమీ రాసి లేదు.

ప్లాట్‌ఫారం చివర

రైలు పగటిపూటే. చక్రం లేని పెట్టెని ఈశ్వర్రావు మోశాడు. డ్యూటీ నుంచి అరపూట సెలవు పెట్టి వచ్చాడట. "అమ్మ నాతో మాట్లాడ్డం లేదు మేడమ్," అన్నాడు. "మాట్లాడుతాది. టైం పడతాది." షెడ్డులో ఇద్దరు ముగ్గురు రంగులు అడిగి ఏడిపిస్తున్నారట. "ఏడిపించనీండి. ఇదివరకు ఎవుడైనా అడుగుతాడేమోనని భయం. ఇప్పుడు అందరూ అడుగుతున్నారు, ఇంక భయమేటి?"

నా బోగీ ఇంజనుకి దగ్గర. ప్లాట్‌ఫారం చివర నుంచి పట్టాలు కలుసుకుంటూ విడిపోతూ ఎండలో మెరుస్తున్నాయి. దూరంగా స్తంభం మీద సిగ్నలు. డ్రైవరు కొడుకు. ఈ ప్లాట్‌ఫారం మీద ఎన్నిసార్లు తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంటాడో, ఎన్నిసార్లు పక్కవాళ్ళు సిగ్నలు పడిందంటే తనకీ కనిపించినట్టు తల ఊపి ఉంటాడో.

తలుపు దగ్గర నిలబడ్డాను. అతను కిటికీ ఊచ పట్టుకుని, ఆ దూరం వైపు కళ్ళు చికిలించి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మేడమ్, ఇప్పుడు ఏ రంగు?"

"ఎరుపే ఇంకా."

సరేనన్నట్టు తల ఊపి, నిలబడ్డాడు. ఇద్దరం అటే చూస్తున్నాం. కొంచెంసేపటికి మళ్ళీ అడిగాడు.

"ఇప్పుడు?"

"ఆకుపచ్చ," అన్నాను.

అతను ఊచ వదిలేశాడు. "అయితే ఎల్లి రండి," అన్నాడు.